రాత్రి ముహూర్తం పెళ్లికి తక్కువ డబ్బులో లెన్స్ ఎలా ఎంచుకోవాలి

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడుతోందంటే నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే ప్రశ్నతో వస్తాయి. "అన్నా, పదిహేను వేలు చేతిలో ఉన్నాయి, రాత్రి పెళ్లికి ఏ లెన్స్ కొనమంటావు?" ఒకరు గుణుపురం నుంచి, ఒకరు కాశీనగరం నుంచి, ఇంకొకరు రాయగడ నుంచి. ఫోన్లో ఒక్క మాటలో చెప్పేస్తే తప్పవుతుంది, ఎందుకంటే మీ కెమెరా బాడీ ఏదో, మీరు మండపంలో ఎక్కడ నిలబడతారో తెలియకుండా లెన్స్ పేరు చెప్పడం కొలత తీసుకోకుండా చొక్కా కుట్టడం లాంటిది. అందుకే వరుసగా రాస్తున్నాను. దగ్గర ఒక బాడీ, దాంతోపాటు వచ్చిన కిట్ లెన్స్ మాత్రమే ఉండి, మొదటిసారి సొంత డబ్బుతో ఇంకో లెన్స్ కొనబోతున్న వాళ్ల కోసం ఇది.

ఒడిశాలో మన పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు ఫొటోగ్రాఫర్‌కి రెండు రకాల పెళ్లిళ్లు వస్తాయి. తెలుగు వాళ్ల ఇంట్లో అర్ధరాత్రి దాటాక జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. ఒడియా వాళ్ల ఇంట్లో వీధిలో డాన్సులతో వచ్చే బరజాత్రి (పెళ్లికొడుకు ఊరేగింపు), ఆ తర్వాత వేదీ మీద హాతగంఠి (ఇద్దరి చేతులూ కలిపి కట్టే తంతు). రెండింటిలోనూ అసలు ఘట్టం రాత్రే, దీపాలు టెంట్ హౌస్ వాళ్లు కట్టినవే. పెద్ద కల్యాణ మండపమైతే కొంత నయం. పల్లెలో ఇంటి ముందు వేసిన పందిరైతే రెండు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు, ఒక సీరియల్ సెట్టు, అంతే.

నేను పని మొదలుపెట్టిన కొత్తలో దూరం నుంచి కూడా తీయొచ్చని 55-250 జూమ్ కొన్నాను. గుణుపురం దగ్గర ఒక పల్లెలో పెళ్లి. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పెంచి చూపే అంకె, పెంచేకొద్దీ ఫొటోలో గింజలు పడతాయి) 6400 పెట్టినా షట్టర్ (ఫొటో పడే సమయం) సెకనులో 1/30 దాటలేదు. ఒక్క ఫొటో కూడా షార్ప్‌గా రాలేదు. ఆ ఇంటి వాళ్లు ఏమీ అనలేదు గానీ ఆల్బమ్‌లో ఆ పేజీ ఖాళీగా ఉండకూడదని వీడియో నుంచి ఒక ఫ్రేమ్ తీసి వేయాల్సి వచ్చింది. ఆ బాధ మీకు రాకూడదు.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

- మీ కెమెరా బాడీ, దాని కచ్చితమైన మోడల్ నంబరు
- మీరు తీసిన చివరి రెండు మూడు పెళ్లిళ్ల ఫొటోలు, డిలీట్ చేయకుండా ఉన్నవి
- ఒక టేపు, లేకపోతే పాదం వెంట పాదం పెట్టి కొలిచినా చాలు
- మంచి టార్చ్ (ఫోన్ టార్చ్ పరవాలేదు)
- ఒక స్కేలు, ఒక న్యూస్ పేపరు, మూడు నీళ్ల సీసాలు
- కొనబోయే డబ్బులోంచి ఒక వెయ్యి పక్కన తీసి ఉంచండి, అది హుడ్‌కీ (లెన్స్ ముందు పెట్టే తొడుగు), గాలి చొరని డబ్బాకీ, సిలికా జెల్‌కీ

1. మీ బాడీకి ఏది పడుతుందో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరా) 1500డీ, 200డీ లాంటి క్రాప్ బాడీలకు, అంటే చిన్న సెన్సర్ ఉన్నవాటికి, ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు రెండు రకాలూ పడతాయి. 6డీ లాంటి ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి ఈఎఫ్-ఎస్ పట్టదు, రేపు ఫుల్ ఫ్రేమ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే గుర్తుంచుకోండి.

నికాన్ వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డీ 3500, డీ 5600 లాంటి బాడీల లోపల ఫోకస్ మోటార్ ఉండదు. నికాన్ లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉంటేనే ఆటో ఫోకస్ పనిచేస్తుంది. పాత 50 ఎం.ఎం. ఎఫ్ 1.8డీ తక్కువ ధరకి దొరికిందని తెచ్చుకుంటారు, బిగించాక ఫోకస్ కదలదు. అదే లెన్స్ డీ 7000, డీ 7200, డీ 7500 మీద చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వాటి లోపల మోటార్ ఉంది. కాబట్టి స్నేహితుడి బాడీ మీద పనిచేసింది కదా అని కొనకండి.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అయితే: కెనాన్ ఆర్ బాడీలకు అడాప్టర్ వేస్తే పాత ఈఎఫ్ లెన్సులు ఆటో ఫోకస్‌తో సహా బాగా పనిచేస్తాయి, తక్కువ ఖర్చులో ఇది చాలా మంచి దారి. నికాన్ జెడ్ బాడీలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వేస్తే ఏఎఫ్-ఎస్ లెన్సులు పనిచేస్తాయి గానీ, మోటార్ లేని పాత డీ రకం వాటికి ఆటో ఫోకస్ రాదు.

2. పాత ఫొటోల నుంచి లెక్క తీయండి

కంప్యూటర్లో పాత పెళ్లి ఫోల్డర్ తెరవండి. ప్రతి ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ (ఎంత జూమ్‌లో తీశారో చెప్పే ఎం.ఎం. అంకె) ఉంటుంది. లైట్‌రూమ్ ఉంటే లైబ్రరీలో మెటాడేటా ఫిల్టర్ పెట్టి ఏ అంకె దగ్గర ఎన్ని ఫొటోలున్నాయో చూడొచ్చు. లేకపోతే ఆల్బమ్‌కి ఎంపికైన వంద ఫొటోలు తీసుకుని, ఒక కాగితం మీద 18-24, 24-35, 35-55 అని మూడు గడులు గీసి గీతలు పెట్టుకుంటూ పోండి. గంట పని.

ఈ గంట పని మీద నాకు చాలా నమ్మకం. మనం ఎక్కువగా ఏం వాడతామో మనకి తెలుసని అనుకుంటాం, కానీ క్లోజప్పులే ఎక్కువ తీస్తానని చెప్పే వాళ్ల ఫోల్డర్ తెరిస్తే సగానికి పైగా 24-35 మధ్య ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో జరిగే పెళ్లిలో వెనక్కి వెళ్లడానికి చోటు ఉండదు, అందుకని.

లెక్కలో మొత్తం ఫొటోలు కాకుండా ఆల్బమ్‌లోకి వెళ్లినవే వేయండి. భోజనాల దగ్గర తీసిన మూడు వందల ఫొటోలు కలిపితే లెక్క తప్పుతుంది.

3. మండపంలో దూరం కొలవండి

ఇది సులువైన లెక్క, నోటికి పట్టేస్తుంది. క్రాప్ బాడీ మీద, కెమెరా అడ్డంగా పట్టుకుంటే:

- 24 ఎం.ఎం.: మీరు ఎంత దూరంలో ఉంటే ఫ్రేమ్‌లో దాదాపు అంత వెడల్పు పడుతుంది. పది అడుగుల దూరంలో పది అడుగులు.
- 35 ఎం.ఎం.: దూరంలో మూడింట రెండు వంతులు. పది అడుగుల దూరంలో ఆరున్నర అడుగులు.
- 50 ఎం.ఎం.: దూరంలో సగం కంటే కొంచెం తక్కువ. పది అడుగుల దూరంలో నాలుగున్నర అడుగులు.
- 85 ఎం.ఎం.: పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. పది అడుగుల దూరంలో రెండున్నర అడుగులు.

ఇప్పుడు మండపం ఊహించుకోండి. పీటల మీద వధూవరులు ఇద్దరే కావాలంటే ఐదడుగుల వెడల్పు కావాలి. పక్కన తల్లిదండ్రులు, పురోహితుడు కూడా పడాలంటే పది అడుగులు. 50 తో పది అడుగుల వెడల్పు పట్టాలంటే ఇరవై అడుగులకు పైగా వెనక్కి పోవాలి, అంటే వీడియో అబ్బాయి వెనక, మేళం వాళ్ల వెనక, కుర్చీల్లో కూర్చున్న చుట్టాల తలల మీదుగా. 35 తో అదే పదిహేను అడుగులు.

మీరు ఎక్కువగా తీసే రెండు మూడు మండపాలకి పగటిపూట వెళ్లి, పీటలు వేసే చోటు నుంచి మీరు మామూలుగా నిలబడే చోటుకి ఎన్ని అడుగుల దూరమో కొలవండి. ఇంటి పెళ్లిళ్లయితే ఏడెనిమిది అడుగులు వస్తుంది. పెద్ద ఫంక్షన్ హాల్లో మెట్ల కింద నుంచి తీయాలంటే పదిహేను దాటుతుంది. మీ అంకె ఎంత వచ్చిందో రాసుకోండి, లెన్స్ ఎంచుకునేటప్పుడు కావాలి.

ఫుల్ ఫ్రేమ్ బాడీ ఉన్నవాళ్లు పై లెక్కని ఒకటిన్నర రెట్లు చేసుకోవాలి. మీకు 50 అంటే క్రాప్ వాళ్ల 35 లాంటిది.

4. ఎఫ్ నంబరు చూడడం నేర్చుకోండి

లెన్స్ ముందు అంచు మీద 1:1.8 అనో, 1:3.5-5.6 అనో రాసి ఉంటుంది. చిన్న అంకె అంటే ఎక్కువ వెలుతురు. రెండు అంకెలుంటే జూమ్ చేసేకొద్దీ వెలుతురు తగ్గిపోతుందని అర్థం. చాలా 18-55 కిట్ లెన్సులు 18 దగ్గర ఎఫ్ 3.5, 55 కి వచ్చేసరికి ఎఫ్ 5.6.

ఎఫ్ 5.6 కంటే ఎఫ్ 2.8 నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది. ఎఫ్ 1.8 అయితే దాదాపు పది రెట్లు. పనిలో దీని అర్థం ఏమిటంటే, కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 12800 పెట్టి తీయాల్సిన ఫొటో అదే షట్టర్‌తో ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్ఓ 1250 కి వచ్చేస్తుంది. చీర జరీ గింజలు గింజలుగా కాకుండా జరీలాగే కనబడుతుంది.

ఒక పొరపాటు అందరూ చేస్తారు. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా, ఐఎస్ అనో వీఆర్ అనో రాసి ఉంది కదా, ఎఫ్ 5.6 అయినా పరవాలేదనుకుంటారు. స్టెబిలైజర్ మీ చేతి వణుకుని ఆపుతుంది. తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి చేతిని ఆపదు. కదిలే మనిషిని ఆపేది షట్టర్ ఒక్కటే, షట్టర్ పెంచాలంటే వెలుతురు కావాలి.

5. ఇప్పుడు ఎంచుకోండి

డబ్బు పదివేల అటూ ఇటూ ఉంటే ఒక ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేనిది. నికాన్ క్రాప్ బాడీ వాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎం.ఎం. ఎఫ్ 1.8జీ. 2009 నుంచి ఉన్న లెన్స్, రెండు వందల గ్రాముల బరువు, ఇంటి పెళ్లికి సరిగ్గా సరిపోయే వెడల్పు. కెనాన్ క్రాప్ వాళ్లకి ఇంత చక్కని 35 తక్కువ ధరలో దొరకదు, అదే చిక్కు. వాళ్లకి మూడు దారులు: మీ దూరం పది అడుగులు, ఆ పైన వస్తే ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. అంతకంటే తక్కువ వస్తే యాంగ్‌నువో 35 ఎం.ఎం. ఎఫ్ 2, కాకపోతే దాని ఫోకస్ కెనాన్ అంత నమ్మకంగా ఉండదు, మీ బాడీ మీద పెట్టి చూసి తీసుకోండి. మూడోది కెనాన్ ఈఎఫ్-ఎస్ 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం, చాలా చిన్నది, ఫోకస్ బాగుంటుంది, కానీ వెలుతురు ఎఫ్ 2.8 వరకే.

కెనాన్ 50 లో పాతది, ఎఫ్ 1.8 రెండో వెర్షన్, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతోంది. మౌంట్ (బాడీకి బిగించే చోటు) ప్లాస్టిక్, ఫోకస్ గరగరమంటుంది, చీకట్లో ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. 2015లో వచ్చిన ఎస్‌టీఎంకి మౌంట్ లోహం, దగ్గరగా 35 సెంటీమీటర్ల వరకు ఫోకస్ అవుతుంది. వెయ్యి, రెండు వేలు తేడా ఉన్నా ఎస్‌టీఎం తీసుకోండి.

సోనీ క్రాప్ బాడీలకు సిగ్మా 30 ఎం.ఎం. ఎఫ్ 1.4 మంచి ఎంపిక, కొంచెం ఖర్చు ఎక్కువ. నికాన్ జెడ్‌కి 40 ఎం.ఎం. ఎఫ్ 2. కెనాన్ ఆర్‌కి ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8, లేదా ముందు చెప్పినట్టు అడాప్టర్, పాత ఈఎఫ్.

డబ్బు ఇరవై వేల దగ్గర ఉండి, మీరు ఒక్కరే స్టిల్స్ మొత్తం తీయాల్సి ఉంటే, ఒకే లెన్స్‌తో పెళ్లి నడిపించాలంటే సెకండ్ హ్యాండ్‌లో సిగ్మా 17-50 ఎఫ్ 2.8 లేదా టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8 వెతకండి. జూమ్ ఎంత చేసినా ఎఫ్ 2.8 అలాగే ఉంటుంది. ప్రైమ్ అంత వెలుతురు రాదు గానీ, గ్రూప్ ఫొటో నుంచి మంగళసూత్రం ముడి దాకా లెన్స్ మార్చకుండా తీయొచ్చు. హోమం పొగలో, అక్షతలు ఎగురుతున్న చోట లెన్స్ మార్చకపోవడం కూడా ఒక లాభమే. వీడియో కూడా మీరే తీస్తే స్టెబిలైజర్ ఉన్నది చూడండి. టామ్రాన్‌లో వీసీ అని ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి.

85 ఎం.ఎం. ఎఫ్ 1.8 అందరికీ ఆశ. చాలా అందమైన లెన్స్, నేను కాదనను. క్రాప్ బాడీ మీద అది రెండో లెన్స్‌గా ఉండాలి, మొదటిదిగా కాదు. కెనాన్ 85 అయితే దాదాపు మూడడుగుల లోపు ఫోకసే అవ్వదు, ఇరుకు ఇంట్లో పెళ్లికూతురిని తయారుచేసే గదిలో మీరు గోడకి అంటుకుని నిలబడాల్సి వస్తుంది.

వీటి జోలికి వెళ్లకండి:

- 75-300, 18-200 లాంటి పొడవు జూములు, రాత్రి పెళ్లి కోసమైతే
- ఆటో ఫోకస్ లేని ఎఫ్ 1.4, ఎఫ్ 1.2 చవక లెన్సులు. ఫొటో బాగా వస్తుంది, కానీ తాళి కట్టే క్షణంలో చేత్తో రింగు తిప్పుతూ ఫోకస్ పట్టడం చాలా సాధన ఉన్నవాళ్లకే సాధ్యం
- లెన్స్ ముందు తగిలించే వైడ్, టెలీ కన్వర్టర్లు

డబ్బు అసలే లేకపోతే ఒక ఫ్లాష్ కొని కిట్ లెన్స్‌తో నడిపించొచ్చు. తెల్ల సీలింగ్ ఉన్న హాల్లో ఫ్లాష్ పైకి తిప్పి కొడితే వెలుతురు మెత్తగా పడుతుంది. ఎర్ర గుడ్డ షామియానా కింద అలా కొడితే ముఖాలు ఎర్రబడతాయి, పైకప్పు లేని పందిట్లో వెలుతురు ఆకాశంలోకి పోతుంది. ఇంకో దారి అద్దె. బరంపురంలోనో విశాఖలోనో అద్దెకి తెచ్చి ఒక్క పెళ్లి తీసి చూస్తే, కొనాలో వద్దో మీకే తెలుస్తుంది.

6. సెకండ్ హ్యాండ్ అయితే ఇలా తనిఖీ చేయండి

నేను మొదటి 50 సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను. పగటి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాను, అద్దం మెరుస్తోంది. రాత్రి ఇంట్లో టార్చ్ వేసి చూస్తే లోపల అంచున సాలెగూడు దారాల్లా ఫంగస్. ఎదురుగా ఫ్లడ్ లైటు ఉన్న ప్రతి ఫొటో మీదా తెల్లటి పొగ పరుచుకున్నట్టు వచ్చేది. అమ్మిన మనిషి ఫోన్ ఎత్తలేదు. ఈ కింద రాసిన వరుస ఆ తర్వాత నేర్చుకున్నదే.

మొదట రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఏటవాలుగా టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. తర్వాత టార్చ్ ముందు నుంచి వేసి వెనక నుంచి. తిన్నగా వేస్తే ఏమీ కనబడదు, ఏటవాలుగా వేయాలి. కొంచెం దుమ్ము ఉంటే భయపడకండి, పాత లెన్స్‌లో ఉంటుంది. దారాల్లాంటివి, చుక్కల చుట్టూ నూగులాంటివి, అద్దం అంతా ఆవిరి పట్టినట్టు మసక ఉంటే వదిలేయండి. ముందు అద్దం మీద చిన్న గీత కంటే వెనక అద్దం మీద గీత ఎక్కువ చెరుపు.

తర్వాత బాడీకి బిగించి ఎఫ్ 8 పెట్టి ఒక ఫొటో, ఎఫ్ 1.8 పెట్టి ఒక ఫొటో ఎపర్చర్ ప్రయారిటీలో (ఎఫ్ నంబరు మనం పెడితే షట్టర్ కెమెరా పెట్టుకునే మోడ్) తీయండి. రెండూ ఒకే వెలుతురులో రావాలి. ఎఫ్ 8 ది మరీ తెల్లగా వస్తే వెలుతురు దారి మూసే బ్లేడ్లు బిగుసుకున్నాయి, లోపల నూనె పట్టి ఉండొచ్చు.

జూమ్ లెన్స్ అయితే ముందు భాగం పట్టుకుని మెల్లగా కదపండి. కొంచెం ఆట ఉండడం సహజం, గడగడలాడితే ఎక్కడో పడింది. ఫిల్టర్ బిగించే అంచు నొక్కుకుపోయి ఉన్నా అదే అర్థం. సిగ్మా, టామ్రాన్ అయితే తప్పకుండా మీ సొంత బాడీ మీదే పెట్టి ఇరవై ముప్ఫై ఫొటోలు తీయండి, ఎర్రర్ వస్తే అక్కడే తెలుస్తుంది. అమ్మేవాడు "ఇక్కడ లైటు లేదు, ఇంటికెళ్లి చూసుకోండి" అంటే డబ్బు ఇవ్వకండి. లైటు తక్కువ ఉన్న చోటే కదా మనకి పని.

కొత్తది ఆన్‌లైన్లో తెప్పించుకున్నా, వాపస్ గడువు లోపలే కింది పరీక్ష పూర్తిచేయండి. బాక్సు మీద, లెన్స్ మీద సీరియల్ నంబరు ఒకటేనా చూసుకోండి.

7. ఇంటి దగ్గర పరీక్ష

పెళ్లికి నేరుగా కొత్త లెన్స్ పట్టుకెళ్లకండి. రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో ఒక్క బల్బు వేసుకుని కూర్చోండి.

మూడు నీళ్ల సీసాలు ఒకదాని వెనక ఒకటి, కొంచెం పక్కకి జరిపి, జానెడు ఎడంతో పెట్టండి. ఎఫ్ 1.8 లో, ఆరడుగుల దూరం నుంచి, మధ్య సీసా లేబుల్ మీద మధ్య ఫోకస్ పాయింట్ పెట్టి పది ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి మళ్లీ పట్టండి. కంప్యూటర్లో వంద శాతం పెద్దదిగా చేసి చూస్తే పదిలో ఎనిమిది, తొమ్మిదైనా మధ్య సీసా అక్షరాలు స్పష్టంగా ఉండాలి. ప్రతిసారీ ముందు సీసా గానీ వెనక సీసా గానీ స్పష్టంగా వస్తుంటే ఆ లెన్స్, ఆ బాడీ కలవట్లేదు. స్కేలుని ఏటవాలుగా పెట్టి మధ్య గీత మీద ఫోకస్ చేసినా ఇదే తెలుస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో లైవ్ వ్యూ పెట్టి (వెనక తెర మీద చూస్తూ) తీస్తే సరిగ్గా వచ్చి, వ్యూఫైండర్‌లో తప్పుతుంటే లెన్స్ అద్దాల తప్పు కాదు, సర్దుబాటు చేయించాలి. చిన్న బాడీల్లో ఆ సర్దుబాటు మెనూ ఉండదు, కొత్త లెన్సయితే మార్పించుకోవడమే మేలు.

న్యూస్ పేపరు గోడకి అంటించి ఎఫ్ 1.8, ఎఫ్ 2.2, ఎఫ్ 2.8 లలో ఒక్కో ఫొటో తీయండి. చవక ప్రైమ్‌లు పూర్తిగా తెరిచినప్పుడు అంచుల్లో మెత్తగా ఉంటాయి, అది లోపం కాదు. కానీ ఎడమ అంచు స్పష్టంగా, కుడి అంచు మసగ్గా ఉంటే లోపల అద్దం పక్కకి జరిగింది. కెమెరా గోడకి తిన్నగా ఉందో లేదో చూసుకుని, ఇంకోసారి తీసి, మళ్లీ అలాగే వస్తే వెనక్కి ఇచ్చేయండి.

చివరగా ఇంట్లో పిల్లల్ని చప్పట్లు కొట్టమని చెప్పి 1/60, 1/125, 1/250 లో తీసి చూడండి. చేతులు ఎక్కడ ఆగాయో మీ కంటికే తెలుస్తుంది. తలంబ్రాలకి మీ షట్టర్ ఎంత ఉండాలో ఎవరినీ అడగక్కర్లేదు.

8. పెళ్లి రాత్రి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి

మాన్యువల్ మోడ్, రా ఫైలు (జేపెగ్‌గా కుదించనిది), ఎఫ్ 2.2, షట్టర్ 1/125, ఐఎస్ఓ 1600 నుంచి 3200. తలంబ్రాలకి, బరజాత్రి డాన్సులకి 1/250 కి పెంచి ఐఎస్ఓ 6400 వరకు వెళ్లండి. గింజలు పడ్డ ఫొటో ఆల్బమ్‌లో నిలబడుతుంది, కదిలిన ఫొటో నిలబడదు.

ఎఫ్ 1.8 ఉంది కదా అని అన్నీ ఎఫ్ 1.8 లో తీయకండి. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. క్రాప్ బాడీ మీద 50 తో ఆరున్నర అడుగుల దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండే లోతు పదకొండు సెంటీమీటర్లు. 85 తో అయితే నాలుగు సెంటీమీటర్లు కూడా ఉండదు. జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసేటప్పుడు మీరు పక్క నుంచి తీస్తుంటే ఒకరి ముఖం మీకు దగ్గరగా, ఇంకొకరిది దూరంగా ఉంటుంది. ఎఫ్ 1.8 లో ఒకరే వస్తారు. ఇద్దరి ముఖాలూ కావాలంటే ఎఫ్ 2.8 లేదా ఎఫ్ 3.5 కి మూసి, వీలైతే ఇద్దరికీ సమాన దూరంలోకి జరగండి. ఎఫ్ 1.8 ఒక్క ముఖానికి, గోరింటాకు చేతులకి, కళ్లకి దాచుకోండి.

చిన్న బాడీల్లో, 1500డీ, డీ 3500 లాంటి వాటిలో, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే చీకట్లో నమ్మదగింది. దాన్నే కంటి మీద పెట్టి ఫోకస్ పట్టి ఫ్రేమ్ సర్దుకోండి, సర్దేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగకండి.

ఎల్ఈడీ లైట్ల దగ్గర ఫొటోల్లో అడ్డంగా నల్ల పట్టీలు వస్తే లెన్స్ పాడైందని కంగారు పడొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. షట్టర్ 1/100 కి గానీ 1/50 కి గానీ తెస్తే చాలావరకు పోతాయి. ముహూర్తానికి ముందే 1/250 లో పది ఫొటోలు కొట్టి వెలుతురు మారుతోందేమో చూసుకోండి. మీ బాడీలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి.

ఇంకొకటి, మధుపర్కాల తెల్లబట్టలు, ఒడియా పెళ్లిలో వధూవరులు పెట్టుకునే తెల్లటి సోలా (బెండు) ముకుటం. చుట్టూ చీకటి ఉంటే ఎపర్చర్ ప్రయారిటీలో కెమెరా వెలుతురు పెంచేసి ఆ తెలుపులో ఉన్న పనితనం అంతా చెరిపేస్తుంది. ముకుటం మీద చెక్కిన పువ్వులు కనబడుతున్నాయా అని హిస్టోగ్రామ్‌లో (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్) కుడి అంచు చూసుకోండి, అంచుకి గుద్దుకుంటే తగ్గించండి. నీలం, ఊదా రంగు స్టేజీ లైట్లు ముఖం మీద పడుతుంటే టెంట్ హౌస్ అబ్బాయిని మర్యాదగా అడిగి ముహూర్తం పది నిమిషాలు తెల్ల లైటు వేయించండి. అడిగితే వేస్తారు. దీనికి ఏ లెన్సూ సాటి రాదు.

ఫలితం చూసుకునేది కెమెరా వెనక తెర మీద కాదు. చీకట్లో ఆ తెర అన్నిటినీ బాగా చూపిస్తుంది. మొదటి పది ఫొటోల్లో రెండు మూడింటిని కనురెప్పల దాకా పెద్దవి చేసి చూడండి. ఇంటికి వచ్చాక ఆల్బమ్ షీట్ 12x36 అంగుళాలకి ఒక్కటి ప్రింటు తీయించండి. తెర మీద భయపెట్టిన గింజలు ప్రింటులో చాలావరకు కనబడవు, తెర మీద పట్టించుకోని కదలిక మాత్రం ప్రింటులో తెలిసిపోతుంది.

9. దాచుకోవడం

మన వైపు వానాకాలం తేమకి బ్యాగులో పెట్టి మరిచిపోయిన లెన్స్‌కి ఫంగస్ పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, లోపల సిలికా జెల్, రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకునేది. బియ్యంలో పెట్టకండి, పొడి లోపలికి పోతుంది. తోలు కేసులో నెలలు ఉంచకండి. పెళ్లి నుంచి రాగానే హోమం పొగ, సాంబ్రాణి జిడ్డు ఉంటాయి, ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో వద్దు. కోరాపుట్, జయపురం వైపు చలికాలం పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లు బయటి మంచులోంచి జనం నిండిన హాల్లోకి రాగానే బ్యాగు జిప్పు తీయకండి, కాసేపు అలాగే ఉంచితే అద్దం మీద ఆవిరి పట్టదు.

కొత్త లెన్స్‌తో మూడు పెళ్లిళ్లు అయ్యాక రెండో భాగంలో చెప్పినట్టు గీసిన కాగితం మళ్లీ తీసి, అవే గడుల్లో కొత్త ఫొటోల గీతలు పెట్టండి. కిట్ లెన్స్‌తో తీసినవి ఇంకా ఏ గడిలో ఎక్కువ పడుతున్నాయో చూడండి, తర్వాత డబ్బు చేరినప్పుడు కొనాల్సిన లెన్స్ ఆ గడిలోదే.